బుడమేరు నీళ్లు ఎటు పోవాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా, 2024లో విజయవాడను ముంచిన బుడమేరు వాగు గురించే ఉన్నాయి, అందుకే పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. పెద్ద ఉత్తరాలను కుదించాను కానీ అడిగిన సంగతి మార్చలేదు. డ్రెయిన్ల పనుల్లో చాలా ఏళ్లు గడిపినవాణ్ని కాబట్టి కొన్నిచోట్ల లెక్కలు వస్తాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నమస్తే సార్. మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1 ఆదివారం పొద్దున లేచేసరికి వీధిలో మోకాలి లోతు నీళ్లున్నాయి, మధ్యాహ్నానికి కింది వాటా కిటికీల దాకా వచ్చేశాయి. రోజుల తరబడి డాబా మీదే ఉన్నాం. వాన తగ్గాక కూడా నీళ్లు పెరుగుతూనే ఉండటం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇప్పుడు పొక్లెయిన్లు పెట్టి పూడిక తీస్తాం, ఇక భయం లేదంటున్నారు. పూడిక తీస్తే సరిపోతుందా? మబ్బు పడితే చాలు నాకు టెన్షన్ మొదలవుతోంది. (సింగ్ నగర్ నుంచి ఒక గృహిణి)

జవాబు: అమ్మా, వాన తగ్గాక నీళ్లు పెరిగాయన్నారే, అసలు సంగతంతా అందులోనే ఉంది. మీ వీధిలోకి వచ్చింది మీ వీధిలో పడ్డ వాన కాదు. మైలవరం వైపు కొండల్లో, అడవుల్లో, ఆ చుట్టుపక్కల మండలాల్లో కురిసిన వాన వాగులు వాగులుగా వచ్చి బుడమేరులో కలుస్తుంది, అక్కడి నుంచి మీ దాకా రావడానికి గంటలు పడుతుంది. అందుకే మీ నెత్తిన ఆకాశం తేటపడ్డాక ఏరు పొంగుతుంది.

వెలగలేరు దగ్గర రెగ్యులేటర్, అంటే గేట్లతో నీళ్లను ఆపి వదిలే కట్టడం ఉంది. బుడమేరుకు అక్కడ రెండు దారులు. ఒకటి డైవర్షన్ ఛానల్, అది నీళ్లను ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్లి ప్రకాశం బ్యారేజీకి పైన కృష్ణలో కలుపుతుంది. రెండోది పాత ఏరు, అది మీ సింగ్ నగర్, పాయకాపురం పక్క నుంచి సాగి చివరికి కొల్లేరులో కలుస్తుంది. మామూలు వరదను మొదటి దారిలో కృష్ణకు పంపేసి ఊరిని కాపాడుకోవాలన్నది ఏర్పాటు. 2024 వరద నాటికి ఆ డైవర్షన్ ఛానల్ మోయగలిగింది 15 వేల క్యూసెక్కులు. 2024లో వచ్చింది 35 వేలకు పైనేనని అధికారులే చెప్పారు. 35 వేల క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు 10 లక్షల లీటర్లు. మీ వీధికి వచ్చే 5 వేల లీటర్ల మంచినీళ్ల ట్యాంకర్లు 200 ఒక్క సెకనులో ఖాళీ అయినట్టు, మరుసటి సెకనులో ఇంకో 200, అలా గంటల తరబడి.

దానికి తోడు అదే రెండు రోజుల్లో కృష్ణ కూడా నిండుగా వచ్చింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, బ్యారేజీ కట్టిన దగ్గర్నుంచి అంత వరద ఎప్పుడూ రాలేదు. నదిలో మట్టం అంత ఎత్తున ఉంటే అందులో కలవాల్సిన కాలువ కలవలేదు, నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. ఎగదన్నిన నీళ్లు గట్టు మీద పడ్డాయి, కవులూరు, శాంతినగర్ ప్రాంతంలో ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ గండ్ల నీళ్లు, రెగ్యులేటర్ గేట్ల నుంచి వదిలిన నీళ్లు కలిసి పాత ఏరు దారి పట్టాయి. సైన్యం వచ్చి ఇనుప వలల బుట్టల్లో రాళ్లు నింపి ఆఖరి గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. అన్నాళ్లూ మీరు డాబా మీద ఉన్నారు. ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఇక పూడిక సంగతి. తీయాలి, తప్పకుండా తీయాలి. కాలువలో నీళ్ల లోతు మూడో వంతు తగ్గితే మోసే నీళ్లు కూడా మూడో వంతే తగ్గుతాయని అందరూ అనుకుంటారు. కాదమ్మా, దాదాపు సగానికి పడిపోతాయి, ఎందుకంటే లోతు తగ్గితే నీటి వేగం కూడా తగ్గుతుంది. మూడు మీటర్ల లోతున్న కాలువలో ఒక మీటరు పూడిక చేరిందంటే సగం కాలువ పోయినట్టే. ఆ పైన గుర్రపుడెక్క, తూటికాడ, జమ్ము పట్టేస్తే మిగిలిన సగంలో మళ్లీ సగం పోతుంది. కాగితం మీద కాలువ వెడల్పు అంతే ఉంటుంది, మోసేది మాత్రం నాలుగో వంతు. కాబట్టి మామూలు వానలకు మీ వీధి మునగకుండా ఉండటంలో పూడికతీత నిజంగా పనికొస్తుంది. అయితే తీసిన మట్టి ఎక్కడ పోస్తున్నారో కళ్లారా చూడండి. గట్టు మీదే కుప్పలు పోసి వెళ్లిపోతే మొదటి రెండు వానలకే అది జారి మళ్లీ కాలువలోకి వస్తుంది. లారీల్లో ఎత్తించి దూరం పంపించే దాకా ఆ పని అయినట్టు కాదు.

2024 లాంటి వరదకు మాత్రం పూడిక తీస్తే సరిపోదు. దానికి పైన వెలగలేరు దగ్గరే నీళ్లను మళ్లించుకోవాలి. డైవర్షన్ ఛానల్‌ను 37,500 క్యూసెక్కులకు పెంచాలన్న ప్రతిపాదన ఎప్పటి నుంచో ఉంది. పోలవరం కుడి కాలువ కూడా వచ్చి అందులోనే కలుస్తుంది కాబట్టి ఆ లెక్క కూడా కలిపి పెట్టారు. పైన వెడల్పు చేసి ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ పక్కన ఇరుకు అలాగే వదిలేస్తే ఎంత తవ్వినా ప్రయోజనం లేదు, కాలువ మోసేది దాని ఇరుకైన చోటు మోసినంతే. మీ వార్డు సమావేశంలో ఎంత పూడిక తీశారని అడగడంతో ఆగకండి. ఛానల్ మొత్తంలో ఇరుకు ఎక్కడుంది, దాన్ని ఎప్పుడు తీస్తారు, గట్టు ఎత్తు ఎంత పెంచుతారు, ఆ మూడూ అడగండి. పదిమంది కలిసి అడిగితే రాతపూర్వకంగా జవాబు ఇవ్వక తప్పదు.

ప్రశ్న: అన్నగారూ, కృష్ణలంకకు రిటైనింగ్ వాల్ కట్టారు, అంత వరదలోనూ వాళ్లు బయటపడ్డారు. మా బుడమేరుకు కూడా రెండు వైపులా అలాంటి గోడ కట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా? మాకెందుకు కట్టరు? మా ఫ్రెండ్స్ అందరిదీ ఇదే డౌటు. (పాయకాపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: తమ్ముడూ, కృష్ణలంక గోడ నిజంగానే ప్రాణం పోసింది, ఆ మాటలో అనుమానం లేదు. ఒకప్పుడు కృష్ణకు వరదంటే చాలు కృష్ణలంక, రాణిగారితోట జనం మూటాముల్లె సర్దుకుని రోడ్డెక్కేవాళ్లు. 2024లో అంతటి ప్రవాహం పక్కనే పోతున్నా ఇళ్లల్లో ఉండగలిగారు.

కానీ నది వేరు, ఏరు వేరు. కృష్ణ చాలా వెడల్పైనది, ఒక పక్క గోడ కట్టినా దానికి పోవడానికి బోలెడంత చోటుంది. బుడమేరు ఊళ్లోకి వచ్చాక రెండు వైపులా ఇళ్లు, మధ్యలో రోడ్డు వంతెనలు, రైలు వంతెనలు. గోడలు కట్టి పైనుంచి వచ్చిన 20 వేల క్యూసెక్కులనో ఎంతనో మధ్యలోకి తోశారనుకో, మొదటి ఇరుకు వంతెన దగ్గర అవి ఆగి, అక్కడి నుంచి వెనక్కి మట్టం పెరుగుతూ వస్తుంది. అప్పుడు గోడ ఎంత ఎత్తు కట్టాలో ఆ వంతెన చెప్తుంది, ఇంజినీరు కాదు. అందుకే గోడ కంటే ముందు వంతెనలు చూడాలి. కాలువ వెడల్పు ఎంత, వంతెన కింద ఖానాలన్నీ కలిపితే ఎంత, వాటిలో ఎన్ని చెత్తతో మూసుకుపోయి ఉన్నాయి? మీరు డిగ్రీ పిల్లలు, టేపు పట్టుకుని ఎండాకాలంలో ఒక ఆదివారం వెళ్లి కొలవచ్చు. ఫొటోలతో సహా రాసి కలెక్టరాఫీసులో ఇస్తే అది ఒక ఉత్తరం కంటే ఎక్కువ బలంగా ఉంటుంది. దిగువన ఎనికేపాడు దగ్గర సాగునీటి కాలువ కింద నుంచి బుడమేరు దాటే అండర్ టన్నెల్ ఉంది, అందరూ యూటీ అంటారు. అక్కడికీ వెళ్లి చూడండి, ఊరి నీళ్లన్నీ దూరాల్సిన గొంతు అది. వరద సమయంలో మాత్రం అటు వెళ్లొద్దు.

గోడతో ఇంకో చిక్కు ఉంది. గోడ బయటి నీళ్లను లోపలికి రానివ్వదు, అదే గోడ లోపలి నీళ్లను బయటికి పోనివ్వదు కూడా. మీ పాయకాపురంలో పడ్డ వాన, మురుగు అంతా ఇప్పుడు ఏట్లోకే పోతోంది. 200 గజాల స్థలం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 17 వేల లీటర్లు. మట్టి నేలయితే కొంత ఇంకేది, ఇప్పుడు వాకిలి నుంచి వీధి చివరి దాకా సిమెంటే. అన్ని ఇళ్ల నీళ్లూ గోడ దగ్గరికి వచ్చి ఆగితే ఏం చేస్తారు? గోడలో తూములు పెట్టి, వాటికి ఒకవైపే తెరుచుకునే తలుపులు బిగించి, ఏరు నిండుగా ఉన్నప్పుడు ఎత్తిపోయడానికి పెద్ద పంపులు, వాటికి కరెంటు పోతే డీజిల్ ఇంజన్లు, అర్ధరాత్రి వాటిని నడిపే మనిషి, ఇవన్నీ ఉంటేనే గోడ పనికొస్తుంది. గోడకు శంకుస్థాపన చేయడానికి అందరూ వస్తారు, పంపుకు డీజిల్ ఉందో లేదో చూసేవాళ్లే దొరకరు. నేను గోడ వద్దనడం లేదు. గోడ అడిగితే తూము, తలుపు, పంపు, వాటి నిర్వహణకు ఏటా డబ్బు, అన్నీ కలిపి ఒకే పనిగా అడగండి.

ప్రశ్న: అయ్యా, మాది నందివాడ మండలం. టీవీల్లో, పేపర్లలో అందరూ విజయవాడ మునిగిందనే చెప్పారు. ఆ నీళ్లు తర్వాత ఎక్కడికి వచ్చాయో ఎవరూ అడగలేదు. మా చేలల్లోకి, చెరువుల్లోకి వచ్చాయి. ఇప్పుడు బుడమేరును వెడల్పు చేస్తామంటుంటే మాకు భయంగా ఉంది. ఊరిని కాపాడటానికి మమ్మల్ని ముంచుతారా? (ఒక రైతు)

జవాబు: మీ భయం న్యాయమైనదేనండీ. నేను ఈ పేజీ మొత్తం బుడమేరుకు ఇవ్వడానికి అసలు కారణం మీ ఉత్తరమే.

డ్రెయిన్ పని ఎప్పుడూ టెయిల్ ఎండ్, అంటే నీళ్లు చివరికి పోయే కింది కొస నుంచి పైకి రావాలి. ఇది కొత్త సంగతేమీ కాదు, పొలం గట్టు మీద పెరిగిన ఏ రైతుకైనా తెలుసు. కింది మడవ తెరవకుండా పై మడిలో నీళ్లు తీసేస్తే ఆ నీళ్లు పోయి పక్కవాడి చేలో నిలుస్తాయి. పైన కాలువ వెడల్పయితే వరద తగ్గదు, తొందరగా కిందికి వస్తుంది. రెండు రోజుల్లో రావాల్సిన నీళ్లు ఒక్క రోజులో వచ్చి మీ మీద పడతాయి. మీ దగ్గర అవి పోయే దారి ముందే పెద్దదై ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే మీరన్నదే నిజమవుతుంది.

ఆ దారి ఏమిటి? బుడమేరు పోయి కొల్లేరులో పడుతుంది. తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు కూడా అక్కడికే వస్తాయి. ఇన్ని ఏర్లు వచ్చి పడే కొల్లేరుకు సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఒక్క ఉప్పుటేరు. అది కూడా 60 కిలోమీటర్ల పొడుగున వంకరలు తిరుగుతూ పోతుంది, వాలు చాలా తక్కువ, సముద్రం పోటు మీద ఉంటే నీళ్లు ఇంకా నెమ్మదిస్తాయి. 1964 వరదల తర్వాత వేసిన మిత్రా కమిటీ నాడే ఉప్పుటేరు ఎక్కువ నీళ్లు మోసేలా చేయాలని చెప్పింది. అప్పటికీ ఇప్పటికీ మధ్యలో కొల్లేరు లోపలే చేపల చెరువుల గట్లు లేచాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చాలా గట్లు కొట్టేశారు, తర్వాత మళ్లీ కొన్నిచోట్ల కట్టారు. వరద వచ్చినప్పుడు కొల్లేరు పళ్లెంలా పరుచుకుని నీళ్లను పట్టి ఉంచి నెమ్మదిగా వదలాలి. పళ్లెం నిండా గట్లు కడితే పట్టే చోటు లేక అది అంచులు దాటి మీ చేల మీదికి వస్తుంది.

చెరువుల మీద బతికే కుటుంబాలు ఎన్ని వేలున్నాయో నాకు తెలుసు, వాళ్ల పొట్ట కొట్టమని నేను అనను. కానీ నీళ్లు నడిచే దారికి అడ్డంగా ఉన్న గట్లు వేరు, పక్కన ఉన్న చెరువులు వేరు. మొదటి రకాన్ని తీయక తప్పదు, తీసినవాళ్లకు బతుకుదారి చూపించకా తప్పదు. ఇది కష్టమైన పనే, విజయవాడలో ఒక కిలోమీటరు గోడ కట్టడం కంటే కష్టం. అయినా వరస ఇదే: ముందు ఉప్పుటేరు, తర్వాత కొల్లేరు లోపలి దారులు, ఆ తర్వాత ఎనికేపాడు యూటీ నుంచి కొల్లేరు దాకా ఉన్న బుడమేరు, ఆఖరికి ఊళ్లోని భాగం. వెలగలేరు దగ్గర కృష్ణకు మళ్లించే పని మాత్రం వీటితో సంబంధం లేకుండా ఈ రోజే మొదలుపెట్టొచ్చు, అక్కడ మళ్లిన ప్రతి నీటి చుక్కా మీ మీదికి రానిదే. కాబట్టి డైవర్షన్ ఛానల్ వెడల్పు కోసం సింగ్ నగర్ వాళ్లతో పాటు మీరు కూడా గొంతు కలపండి, ఆ పనిలో మీ ఇద్దరి లాభం ఒకటే. ఊళ్లో ఏరు వెడల్పు చేసే పని మొదలుపెడితే మాత్రం దిగువ పని ఎంతవరకు వచ్చిందని మీ సర్పంచుల చేత లిఖితపూర్వకంగా అడిగించండి.

ప్రశ్న: సార్, బుడమేరు కట్ట పక్కనే 120 గజాల స్థలం బాగా తక్కువకు వస్తోంది. గవర్నమెంటు మొత్తం బాగు చేస్తుంది, రేటు పెరుగుతుంది, ఇప్పుడే కొనమని బ్రోకరు ఒత్తిడి చేస్తున్నాడు. కొనమంటారా? (ఒక ప్రైవేటు ఉద్యోగి)

జవాబు: వద్దు. ఏరు బాగుపడాలంటే దాని గట్టు వెనక్కి జరగాలి, జరిగితే మీ స్థలం ఏట్లోకి పోతుంది. ఏరు బాగుపడకపోతే మీ ఇల్లు ఏట్లోకి పోతుంది. అప్పు చేసి అలాంటి చోట పడకండి బాబూ. ఇప్పటికే బయానా ఇచ్చి ఉంటే ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ, అంటే రెవెన్యూవాళ్ల కొలతల పటం తీయించి, అందులో వాగు పోరంబోకు, అంటే ఏటికి చెందిన ప్రభుత్వ భూమి ఎక్కడ దాకా ఉందో లైసెన్సుడు సర్వేయర్‌తో కొలిపించండి. బ్రోకరు చూపించే లేఅవుట్ కాగితం కాదు, రెవెన్యూ రికార్డు చూడండి.

ప్రశ్న: మా వీధిలో కొత్తగా సిమెంటు డ్రెయిన్ కట్టారు. అందరం సంతోషించాం. కానీ ఈమధ్య గట్టి వాన పడినప్పుడల్లా నీళ్లు డ్రెయిన్లోంచే వీధిలోకి వస్తున్నాయి, కొన్ని ఇళ్లలో బాత్రూమ్ గొట్టాల్లోంచి కూడా పొంగుతోంది. కాంట్రాక్టరు పని బాలేదా? ఇంట్లో మేం చేసుకోగలిగింది ఏమైనా ఉందా? ముసలి అత్తగారు మంచంలో ఉన్నారు. (న్యూ రాజరాజేశ్వరి పేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కాంట్రాక్టరు తప్పు ఉండొచ్చు, లేకపోవచ్చు, ముందు ఒక చిన్న పరీక్ష చేయండమ్మా. వాన పడుతున్నప్పుడు డ్రెయిన్లో చిన్న ఎండు పుల్ల వేసి చూడండి. అది ఏటి వైపు వెళ్తుంటే డ్రెయిన్ పనిచేస్తోంది, నీళ్లు ఎక్కువై పొంగుతోంది, అంటే ఎక్కడో చెత్త అడ్డుపడి ఉంటుంది లేదా డ్రెయిన్ చిన్నది. పుల్ల కదలకుండా నిలబడినా, మీ ఇంటి వైపు వస్తున్నా, ఏటి మట్టం డ్రెయిన్ కంటే పైన ఉందన్నమాట. అప్పుడు అది డ్రెయిన్ కాదు, ఏటి నీళ్లు మీ వీధిలోకి రావడానికి కట్టిన కాలువ అవుతుంది. ఎంత నున్నగా, వెడల్పుగా కడితే అంత హాయిగా వస్తాయి.

దీనికి మందు, డ్రెయిన్ ఏట్లో కలిసే చోట ఫ్లాప్ గేటు. పైన కీలుతో వేలాడే ఇనుప తలుపు అది, లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటుంది, బయటి నీళ్లు తోస్తే మూసుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. కాకపోతే ఒక కొబ్బరి బొండం ఇరుక్కున్నా తలుపు పడదు, కాబట్టి దాని ముందు జాలీ ఉండాలి, వానాకాలంలో వారానికోసారి ఆ జాలీ దగ్గర చెత్త తీయాలి. తలుపు పడ్డాక వీధిలో పడే వానను ఎత్తిపోయడానికి అక్కడ ఒక గుంట, పంపు కూడా కావాలి. మీ వీధివాళ్లంతా సంతకాలు పెట్టి కార్పొరేషన్‌కు అర్జీ ఇచ్చేటప్పుడు ఈ మూడూ పేరు పెట్టి రాయండి. ఉత్తినే ముంపు సమస్య తీర్చండి అని రాస్తే ఇంకో పది మీటర్ల డ్రెయిన్ కట్టి వెళ్తారు.

ఇంట్లో సంగతి. బాత్రూమ్ గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్, అంటే నీళ్లను బయటికి పోనిచ్చి వెనక్కి రానివ్వని వాల్వ్ పెట్టించండి, ఇంటి గొట్టం బయట లైన్లో కలిసే ఛాంబర్ దగ్గర పెట్టాలి, ప్లంబర్‌కు అలా చెప్తే తెలుస్తుంది. ఈలోపు గట్టి వాన సూచన ఉన్న రోజు బాత్రూమ్ జాలీ తీసి గొట్టంలో తడిగుడ్డ గట్టిగా కుక్కి, దాని మీద ఇసుక సంచి పెట్టండి, కొంతసేపు ఆపుతుంది. స్విచ్చులు, ఫ్రిజ్ ప్లగ్గు నేలకు ఒక అడుగు ఎత్తులోనే ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి నాలుగడుగుల పైకి మార్పించండి. నీళ్లు గుమ్మం దగ్గరికి వస్తుండగానే మెయిన్ ఆపేయాలి, గదిలోకి వచ్చాక తడిసిన కాళ్లతో బోర్డు ముట్టుకోకూడదు.

అత్తగారి విషయం మాత్రం వాన మొదలయ్యాక ఆలోచించేది కాదు. పై వాటా వాళ్లతోనో, ఎత్తు మీద ఉన్న చుట్టాలతోనో ఇప్పుడే మాట్లాడి ఉంచుకోండి. ఆవిడను మోయడానికి ఇద్దరు మనుషులు, ఒక ప్లాస్టిక్ కుర్చీ చాలు. మందులు, ఆధార్, పెన్షన్ పుస్తకం ఒక కవర్లో పెట్టి అటక మీద ఉంచండి. పైన మైలవరం వైపు భారీ వాన అని వార్త వినగానే, మీ వీధిలో చినుకు లేకపోయినా సరే, ఆవిడను పైకి తీసుకెళ్లిపోండి.